అత్త, దావీదు, గుమ్మడి పువ్వు

బొంబాయి కామాటిపురలో వరుస గదుల మా చాల్‌కు నేను కోడలిగా వెళ్ళింది ఎనభైల మొదట్లో. అక్కడ మా అత్త మాటకు ఎదురు లేదు. కట్టడం పనికి వెళ్ళే ఆడకూలీల గుంపుకు ముకద్దం, అంటే మేస్త్రీ, ఆమె. చాల్‌లో నీళ్ళ వంతులూ పండుగలూ కూడా ఆమె చెప్పినట్టే నడిచేవి. నాకైతే ఆమెంటే హడల్.

అంతటి మనిషి సాయంత్రం గదుల ముందరి గ్యాలరీలో బియ్యం చాట ముందు పెట్టుకుని చిన్నపిల్లలా కథలకు కూర్చునేది. చెప్పేది పక్కగది క్రైస్తవురాలు, ఆసుపత్రిలో ఆయా. మేం గౌరమ్మను కొలిచేవాళ్ళమే అయినా ఆ పాతకాలపు యూదుల కథలంటే చెవి కోసుకునేవాళ్ళం. వాటిలోని పెద్దమనుషులను అత్త తన పనిలో పెట్టుకోవచ్చా లేదా అన్నట్టు చూసేది. ఎడారిలో అంతమందిని నడిపించిన మోషే, ఒక్కసారి కోపం ఆపుకోలేక బండను కొట్టి చేరాల్సిన చోటికి చేరలేకపోయాడని జాలిపడేది. సమ్సోనుకు ఒళ్ళే గానీ బుర్ర లేదని కొట్టిపారేసేది. దావీదు మాత్రం ఆమెకు సొంత తమ్ముడి కింద లెక్క. గొర్రెలు కాసినవాడు రాజయ్యాడంటే, ఇటుకలు మోసి ముకద్దం అయిన మనిషికి ముద్దు రాదా మరి!

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు బంతిపూలు గంపలకొద్దీ తెచ్చాం. గుమ్మడి పువ్వు మాత్రం దొరకలేదు. గౌరమ్మను పెట్టేది ఆ పువ్వులోనే. పాలమూరు నుంచి కొత్తగా వచ్చిన ఒక కూలామె మా వరుస చివరి గదిలో ఉండేది. నూనె డబ్బాలో గుమ్మడి విత్తు నాటి తీగను కటకటాలకు పాకించింది. పండుగ పొద్దున దానికి ఒకే ఒక్క పువ్వు పూసింది. అత్త అడగకుండా తెంపుకొచ్చింది. చాల్ అందరి బతుకమ్మకే కదా అంది.

కూలామె తలుపేసుకుంది. బొంబాయిలో ఆమెకు అదే మొదటి పండుగ, సాయంత్రం ఆటకు ఇక రాదని అందరికీ అర్థమైంది. నాకు ప్రాణం ఉసూరుమంది. అత్తతో చెప్పే ధైర్యం ఎవరికుంది?

మధ్యాహ్నం పూలు పేరుస్తూ అత్త అలవాటుగా దావీదు కథ అడిగింది. ఆయా అంతవరకూ దాచిన ముక్క ఆ రోజు తీసింది. రాజయ్యాక దావీదు తన సైనికుడి భార్యను తెచ్చుకుని, వాణ్ణి యుద్ధంలో చంపించాడట. అప్పుడొక ప్రవక్త వచ్చి, మందలున్న ఆసామి ఒకడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కుని చుట్టానికి వండిపెట్టాడని చెప్పాడట. వాణ్ణి వదలనని రాజు మండిపడితే, ఆ ఆసామి మరెవరో కాదు, తమరేనని చెప్పాడట.

అత్త చేయి ఆగిపోయింది. ఎదురుగా బంతిపూల మీద గుమ్మడి పువ్వు ఉంది. ఆయాకు ఇవాళ మూడిందనుకున్నాను.

"రాజు ఏం సాకు చెప్పిండు వదినా?" అంది అత్త చివరికి.

"ఏ సాకూ చెప్పలే. తప్పు చేసిన అన్నడు."

అత్త పువ్వు తీసుకుని చివరి గదికి నడిచింది. గ్యాలరీ అంతా చూస్తుండగానే తలుపు తట్టింది.

"నీ పువ్వు అడగకుండ తెంపిన బిడ్డా. తప్పు నాదే."

ఆమె పువ్వు అందుకుని మళ్ళీ తలుపేసుకుంది. అత్త తిరిగొచ్చి పసుపుముద్దతో గౌరమ్మను చేసుకుంది.

సాయంత్రం అందరం వాకిట్లో చేరినా అత్త పాట ఎత్తలేదు. మెట్ల వైపే చూస్తూ నిలబడింది. కాసేపటికి కూలామె చిన్న బతుకమ్మను పట్టుకుని దిగొచ్చింది. దాని మీద వాడిపోయిన గుమ్మడి పువ్వు. అత్త మా పెద్ద బతుకమ్మను జరిపి నడుమ చోటు చేసి, పాట ఆమెనే ఎత్తమంది.

ఆ గ్యాలరీ, ఆ చాటలు తలుచుకుంటే నాకిప్పటికీ బెంగగా ఉంటుంది. మా పిల్లలు మరాఠీలో మాట్లాడుకుంటారు, ఆ పాటలు వాళ్ళకు రావు. అత్త పాట ఎత్తగా ఎన్నో ఏళ్ళు విన్నాను. ఒకరి వెనక వంత పాడగా విన్నది ఆ సాయంత్రమే. అప్పటిదాకా ఆమెకు భయపడి చెప్పినట్టు విన్నాను, ఆ తర్వాత ఇష్టపడి విన్నాను.