పాలు పడతాయన్న అక్క

"అమ్మా, మీ అక్క ఇక లేదు" అని బావగారు ఫోన్ చేసినప్పుడు నేను విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆ వెంటనే, "ఎండగా ఉంది, ఏదైనా తినే బయల్దేరండి" అన్నారు. జబ్బు ముదిరిపోయిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. అయినా నేను ఎక్కాల్సిన బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయేదాకా అక్కడే ఉండిపోయాను.

ఆమె మా ఆయన అన్నగారి భార్య, నా తోటికోడలు. నేను అక్కా అనే పిలిచేదాన్ని. కంకిపాడు అవతల మా అత్తవారి ఊళ్లో పొలం, గేదెలు, ఇల్లు, అన్నీ ఆమె చేతి మీదే నడిచాయి. బంధువుల్లో ఎవరైనా ఆమె గురించి మాట్లాడితే "పాపం, పిల్లలు లేరు" అనే మొదలుపెట్టేవాళ్లు. నాకూ చాలాకాలం అంతవరకే తెలుసు.

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. విజయవాడలో ఒక నర్సింగ్ హోమ్‌లో పాపను అద్దాల పెట్టెలో పెట్టారు. చప్పరించే బలం లేదు, తల్లిపాలు పిండి ఇస్తే గొట్టంతో పట్టిస్తామన్నారు డాక్టరుగారు. నాకేమో ఆపరేషన్ కుట్లు, ఒళ్లంతా వణుకు. ఎంత ప్రయత్నించినా గిన్నె అడుగు తడవలేదు. మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. చూడటానికి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే "పాలు లేవంట" అని చెప్పుకునేవాళ్లు.

అక్క బట్టల సంచీతో దిగింది. గుమ్మంలో ఆ మాట వినపడగానే, "పిన్నిగారూ, ఆ మాట ఈ గదిలో అనకండి. బాలింత చెవిన పడకూడదండీ అది" అంది. నా వైపు తిరిగి, "పడతయ్ అమ్మాయ్. ఇవాళ కాకపోతే రేపు పడతయ్" అంది.

చేత్తో పాలు తీయడం ఎలాగో నర్సుగారు చూపిస్తుంటే నాకంటే శ్రద్ధగా నేర్చుకుంది. ముందు గోరువెచ్చని గుడ్డతో కాపడం, తర్వాత మెల్లగా నిమరడం. నల్లటి వలయానికి కాస్త వెనగ్గా వేళ్లుంచి, లోపలికి నొక్కి, దగ్గరకు తెచ్చి వదలడం. నొప్పి పుడితే ఆగి మళ్లీ మొదలుపెట్టడం. చిక్కగా, పసుపుపచ్చగా కొన్ని చుక్కలు వచ్చాయి.

"ఇంతేనా అక్కా?" అని ఏడ్చేశాను.

"దాని పొట్ట ఎంతుంటుందే? ముర్రుపాలు ఇవి. ఒక్క చుక్క పోనివ్వకూడదు" అంటూ గిన్నె మీద అరచెయ్యి మూతపెట్టుకుని పాప దగ్గరికి నడిచింది.

పథ్యం పేరు చెప్పి నాకు నీళ్లు తగ్గించాలని పెద్దవాళ్లు అంటే ఒప్పుకోలేదు. "ముందు తల్లికి కడుపునిండా పెట్టండి, ఆ తర్వాత పాలు అడగండి" అనేది. ఈ మాట తర్వాతి కాలంలో ఊళ్లో ఎన్ని ఇళ్లలో అందో!

పాలు పడ్డాయి. పాప కోలుకుంది. దాన్ని మొదటిసారి నా గుండెల మీద పడుకోబెట్టిన రోజు నేను ఆత్రంగా దాని మీదకు వంగిపోయాను. "నువ్వు వంగకు, దాన్నే నీ దగ్గరికి తెచ్చుకో. నోరు బాగా తెరిచేదాకా ఆగు. ఉత్త చనుమొన అందిస్తే నీకు పుండ్లు, దానికి ఆకలి" అంది అక్క. పాప నోరు తెరిచి పట్టుకుంది. చూడక్కా అని తలెత్తాను. ఆమె కిటికీ వైపు తిరిగి ఉంది.

ఆ మధ్యాహ్నం, పాప నిద్రపోయాక, తనంతట తనే చెప్పింది.

"నాకూ పడ్డయ్ అమ్మాయ్, పాలు. మగపిల్లాడు. పట్టుమని వారం లేడు. వాణ్ణి తీసుకెళ్లిన మర్నాడు పడ్డయ్. జాకెట్లు తడిసిపోయేవి. ఎవరికని చెప్పను? పాలు ఇంకిపోవాలని గుడ్డ బిగించి కట్టారు, మల్లెపూలు కట్టారు, జ్వరం వచ్చింది. ఆ పాలు ఉన్నన్నాళ్లూ వాడు పక్క గదిలో ఉన్నట్టే ఉండేది. అవి ఆగిపోయాక ఏడ్చాను."

ఆమె లేచి పాప బట్టలు ఉతకడానికి వెళ్లింది.

ఆ తర్వాత ఊళ్లో ఎవరు ప్రసవించినా అక్కకు కబురు వచ్చేది. రొమ్ము గడ్డకట్టి జ్వరంతో ఉన్న బాలింత పిల్లను ఆటో ఎక్కించి, "ఇది డాక్టరుగారు చూడాల్సింది. పాలివ్వడం మాత్రం ఆపకు" అంటూ తనే వెంట వెళ్లింది. పాలు చాలక, డాక్టరు చెప్పి డబ్బాపాలు మొదలుపెట్టిన ఒక తల్లి సిగ్గుతో బయటికి రాకపోతే, ఆమె పక్కన కూర్చుని, "బిడ్డ బరువు పెరగాలమ్మా. అంతమాత్రాన నువ్వు తల్లివి కాకుండా పోవు" అని ఒళ్లో ఉన్న బిడ్డకు ఆ పాలు తనే పట్టింది. అయితే బారసాలకు చాలా ఇళ్లవాళ్లు ఆమెను పిలిచేవాళ్లు కాదు. పిల్లలు లేని మనిషి ఉయ్యాల దగ్గర ఎందుకని. నాకు కోపం వచ్చేది. అక్క మాత్రం "నాతో పనైపోయిందిగా, పోనియ్యి" అని గేదెలకు గడ్డి వేసుకునేది. ఆ సాయంత్రాల్లో ఎవరితోనూ మాట్లాడేది కాదు.

చివరి రోజుల్లో అక్క గొంతు సన్నబడిపోయింది. ఒకరోజు నన్ను దగ్గరికి వంగమంది. "పేరు పెట్టకుండానే తీసుకెళ్లారు వాణ్ణి. నేను మాత్రం మనసులో పెట్టుకున్నా" అని ఆ పేరు నా చెవిలో చెప్పింది. "మీ బావగారికి తెలీదు. ఆయన మళ్లీ వాడి ఊసే ఎత్తలేదు. గుర్తుచేసి బాధపెట్టడం ఎందుకని నేనూ ఊరుకున్నా."

కృష్ణలో అస్థికలు కలిపి తిరిగి వస్తుంటే, ఊరు ఇంకాస్త దూరం ఉందనగా బావగారు కారు ఆపమన్నారు. కాలువ గట్టు దిగి, తుమ్మచెట్టు పక్కన నిలబడ్డారు. నేను వెనకే వెళ్లాను.

"వాణ్ణి ఇక్కడే పెట్టానమ్మా. మీ అక్కకు చూపించలేదు. తట్టుకోలేదనుకున్నా. తనూ ఎప్పుడూ అడగలేదు."

అప్పుడు నేను ఆ పేరు చెప్పాను. ఆయనకు సరిగా వినపడలేదు. "ఏమన్నావ్?" అన్నారు. మళ్లీ చెప్పాను.

వేసవికి నీళ్లు కట్టేసిన కాలువ అది. అడుగున గుర్రపుడెక్క ఎండి పడి ఉంది. పైన రోడ్డు మీద లారీలు పోతున్నాయి. తడి పంచెతోనే బావగారు నేల మీద చతికిలబడి, గడ్డి మీద చెయ్యి ఆనించి, కొడుకును మొదటిసారి పేరు పెట్టి పిలిచారు.