ముందూ వెనకా చదవమన్న మా మేనత్త

గత నెలలో ఒక పొద్దున, సూర్యాపేటలో నేను పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన మొదలవబోతుండగా మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త ఇంటి పక్కన ఉండే అక్క చేసింది. "అమ్మా, టీచరమ్మ పోయింది. పొద్దున లేసి సదువుకుంట కూసున్నది. నేను ఛాయ్ తీస్కపోయి పిలిస్తే పలకలే" అంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. "ఏ అధ్యాయం సదువుతున్నది?" అని అడిగాను.

అక్కకు తెలియలేదు. బస్సు దిగి ఇంట్లోకి వెళ్లాక నేనే చూశాను. బైబిలు ఆమె కుర్చీ పక్కన తెరిచే ఉంది. వరసగా పేర్లు, ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడని పేజీల కొద్దీ సాగే పేర్లు. చాలామంది దాటేసి ముందుకు పోయే చోటు అది. కడుపులో క్యాన్సర్ పెట్టుకుని, రెండు ముద్దలు కూడా లోపలికి పోని రోజుల్లో, ఆమె ఆ పేర్లు చదువుతూ కూర్చుంది. ఎందుకత్తమ్మా ఇవన్నీ అని చిన్నప్పుడు అడిగితే, "ఆయన ఒక్క పేరు గూడ ఇడ్సలే. మనమెందుకు ఇడుస్తం?" అనేది.

ఆమె మా నాన్నకు అక్క. ప్రభుత్వ బడిలో హిందీ చెప్పి రిటైరైంది. మామయ్య రైస్ మిల్లు లారీ నడిపేవాడు. పెళ్లయిన కొన్నేళ్లకే జబ్బు చేసి పోయాడు. పిల్లల్లేరు. ఊళ్లో అందరికీ ఆమె టీచరమ్మ. చర్చిలో కొందరికి మాత్రం, వెనకాల, వకీలమ్మ. ఆ సంగతి ఆమెకు తెలుసు. "అననియ్యి, వకీలు లేకుంటే కేసు ఓడిపోతం" అనేది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు శాంతమూర్తి అని రాయడం మనకు అలవాటు. నేను రాయను. ఆమె శాంతమూర్తి కాదు. పెళ్లి పత్రిక మీద అచ్చేసిన బైబిలు వాక్యం సగానికి తెగిపోతే పెళ్లి ఇంటికి వెళ్లి మరీ చెప్పేది. మిల్లుల ఊక ఎగిరొచ్చి వాలిన కుర్చీని కొంగుతో తుడిచి, కూర్చోమని, ఆ తర్వాత తీరిగ్గా వాదన పెట్టుకునేది. చాక్‌పీసు పట్టిన చేతికి అలవాటై, రిటైరయ్యాక కూడా కళ్లజోడును వేళ్లతో కాక మణికట్టుతో పైకి నెట్టుకునేది. మణికట్టు పైకి లేచిందంటే ఎదుటివాళ్ల పని అయిపోయిందని మాకు అర్థం.

సండే స్కూల్లో మేమంతా కంఠత వాక్యం అప్పజెప్పాలి. పిల్లలం తెలివిగా, ప్రభువు కన్నీళ్లు విడిచాడని చెప్పే అతి చిన్న వాక్యాన్ని పట్టుకునేవాళ్లం. ఒక్క గుక్కలో చెప్పేసి బహుమతి సబ్బుపెట్టె కోసం చెయ్యి చాపితే, ఆమె ఇచ్చేది కాదు. "ఎందుకేడ్సిండు? ఎవరి కోసం ఏడ్సిండు? తియ్యి. సదువు. సదివి మన మాటల్ల చెప్పు" అనేది. స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చాడని మేం చదివి చెప్పాక, "ఇంకో జరసేపట్ల ఆ సచ్చినోన్ని లేపబోతున్నడు. అయినా ఏడ్సిండు. సచ్చినకాడ ఏడ్వొద్దని మీకెవరన్న చెప్తే ఈ పేజీ సూపియ్యండి" అని సబ్బుపెట్టె చేతిలో పెట్టేది.

తియ్యి, సదువు. ఆమె జీవితమంతా ఆ రెండు మాటల మీదే నడిచింది. నా ప్రాణం నిలిచిందీ ఆ రెండు మాటల మీదే. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా చర్చిల్లో కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దానపు కార్డులు ఇస్తారు. స్టీలు పళ్లెంలో బోర్లించి పెట్టిన కార్డుల్లోంచి ఒక్కొక్కరూ ఒకటి తీసుకుంటారు. పువ్వుల బొమ్మ, దాని మీద ఒక వాక్యం. ఆ ఏడాదంతా దేవుడు మనతో చెప్పే మాట అదేనని గోడకు అంటించుకుంటాం. మేనత్త కూడా తీసుకునేది. కాకపోతే ఆ వాక్యం ఏ పుస్తకంలో ఉందో ఆ పుస్తకం మొత్తం చదివితే గానీ కార్డు గోడెక్కేది కాదు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో నాకు టీబీ వచ్చింది. మేం కోదాడలో ఉండేవాళ్లం. నాన్న మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పనికి వెళ్లేవాడు. గోలీలు మింగితే కడుపులో తిప్పేది, మూత్రం ఎర్రగా వచ్చేది. అవి మింగుతుండగానే కొత్త సంవత్సరం వచ్చింది. నా చేతికి వచ్చిన కార్డు, నిన్ను స్వస్థపరిచేది నేనే అని దేవుడు చెప్పిన మాట. నాన్న ఆ కార్డు చూసి చర్చిలోనే మోకాళ్ల మీద పడి ఏడ్చాడు. నాకూ అప్పటికి దగ్గు తగ్గింది. ఆ వారమే మా వీధిలో ప్రార్థన కూటాలు పెట్టడానికి ఆంధ్ర వైపు నుంచి వచ్చిన ప్రసంగీకుడు నా తల మీద నూనె రాసి, ఇక గోలీలు మింగితే వాగ్దానాన్ని అనుమానించినట్టే అన్నాడు. నాన్న గోలీలు తీసి బీరువా మీద పెట్టేశాడు. నా మీద ప్రేమ లేక కాదు. ప్రేమ పట్టలేకే అలా చేశాడు.

కొద్ది రోజులకే మళ్లీ జ్వరం మొదలైంది. దగ్గితే కర్చీఫు మీద రక్తం. ప్రసంగీకుడు మళ్లీ వచ్చి చూసి, "పాపలో విశ్వాసం చాలటం లేదండి" అన్నాడు. ఆ మాట అన్నాక మా ఇంట్లో ఎవరూ నా కళ్లలోకి చూడలేదు. రోగం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ తినేసింది. నా లోపల ఏదో తక్కువుంది కాబట్టే చస్తున్నానని నమ్మేశాను.

అమ్మ ఎవరికీ చెప్పకుండా మిర్యాలగూడకు ఫోన్ చేసింది. మేనత్త మొదటి బస్సుకే దిగింది. చెప్పులు విడుస్తూనే, "ఏందిరా తమ్మీ, పిల్లకు గోలీలు బంద్ వెట్టినవంట?" అంది.

"వాగ్దానం వచ్చిందక్కా. నమ్మొద్దా?" అన్నాడు నాన్న.

"నమ్మాలె. ఎవరొద్దన్నరు? సగమే నమ్మితే ఎట్ల? ఆ మాట యాడున్నది? తియ్యి. సదువు. ముందు నించి సదువు."

నాన్న తీశాడు. నీళ్లు దొరకని ఎడారి, దొరికిన చోట చేదు నీళ్లు, జనం సణుగుడు. అప్పుడు దేవుడు ఒక చెట్టును చూపించడం, అది నీళ్లలో వేస్తే తియ్యగా మారడం. ఆ తర్వాతే కార్డు మీది మాట.

"ఆగు" అంది మేనత్త. మణికట్టు పైకి లేచింది. "ఆ మాట చెప్పకముందు దేవుడేం జేసిండు? ఉత్తగ నోటితోటి నీళ్లు మంచిగ జెయ్యలేడా? చెట్టు సూయించిండు. అందుల ఎయ్యమన్నడు. అప్పుడు చెట్టు సూయించినోడు ఇప్పుడు గోలీ సూయించలేడారా?"

నాన్న స్టూలు వేసుకుని బీరువా మీది గోలీలు దింపాడు.

సాయంత్రం ప్రసంగీకుడు వచ్చాడు. ఆమె కుర్చీ తుడిచి కూర్చోబెట్టింది. "అయ్యగారూ, రోగం తగ్గకుంటే రోగికి విశ్వాసం లేనట్టని యాడున్నది? తియ్యండి, సదువుకుందాం" అంది. ఆయన అల్పవిశ్వాసి అన్న మాట ఎత్తాడు. "అది ప్రభువు శిష్యులనన్నడు. పడవల భయపడ్డోళ్లనన్నడు. మంచంల వడ్డోళ్లను ఒక్కలనన్న అన్నడా? సూపియ్యండి" అంది. ఆయనకు కోపం వచ్చింది. "ఈ టీచరమ్మ గారికే విశ్వాసం తక్కువలా ఉందండి" అని లేచాడు.

"తక్కువున్నదనే రోజూ సదువుకుంటున్ననండీ" అంది ఆమె. "ఎక్కువుంటే మూసిపెట్టి పండుకుందును."

మర్నాడు నన్ను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు అందర్నీ తిట్టి, మందులు మళ్లీ మొదటి నుంచి వాడాలన్నాడు. "ముందు నించే అంటున్నడు, మంచి డాక్టరు" అని నన్ను నవ్వించబోయింది. నేను నవ్వలేదు. అక్కణ్ణుంచి నేరుగా మిర్యాలగూడలో తన ఇంటికి తెచ్చుకుంది.

రోజూ పొద్దున ఒక అధ్యాయం, ఆ తర్వాత గోలీలు, ఆ తర్వాత ఉడికిన గుడ్డు. ఇందులో ఏదీ తప్పించుకునే వీల్లేదు. నాకు దేవుడి మీద చెప్పలేనంత కోపంగా ఉండేది. ఒకరోజు బైబిలు నెట్టేసి, "నాకు ఆయనంటే కోపమొస్తున్నది అత్తమ్మా, సదవ" అన్నాను. కొడుతుందేమో అనుకున్నాను. "కోపమా? కోపమొచ్చినోళ్ల పేజీలు గూడ ఉన్నయి, తియ్యి" అంది. ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చుని దేవుణ్ణి నిలదీసిన యోబును చదివించింది. ఎంతకాలం మరిచిపోతావని మొరపెట్టిన కీర్తనలు చదివించింది. "ఆయనతోటి కొట్లాడినోళ్లందరు ఇందులనే ఉన్నరు బిడ్డా. ఒక్కలను గూడ బయటికి పంపలే. నిన్నెందుకు పంపుతడు?" అంది. ఆ పొద్దున నాలో ఏదో నిలబడింది. గోలీలతో ఊపిరితిత్తులు బాగుపడ్డట్టే, రోజుకో అధ్యాయంతో, తెలియకుండా, నా నమ్మకం కూడా బలపడింది.

అంత గట్టిగా ఎలా నిలబడతావని అడిగితే ఒక్కసారే చెప్పింది. మామయ్య పోయినప్పుడు ఆమెతోనూ అదే మాట అన్నారట, నీకు విశ్వాసం చాలకే మొగుడు పోయాడని. "ఆ మాట యాడున్నదో దేవులాడనీకే నేను బైబిలంత సదివిన. మొదటి పేజీ నించి కడదాక సదివిన. ఆ మాట దొరకలే. ఆయన దొరికిండు" అని, మిల్లు కూత వినబడితే లేచి స్టవ్ వెలిగించింది.

క్యాన్సర్ అని తేలినప్పుడు కూడా ఆమె మందులు మానలేదు, ప్రార్థనా మానలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు కొందరు మంచం పక్కన విశ్వాసం చాలలేదన్న అదే పాట ఎత్తుకున్నారు. పౌలు తన ఒంట్లో ముల్లులా గుచ్చే బాధను తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నా దేవుడు తియ్యలేదని, నా కృప నీకు చాలన్నాడని వాళ్లతో చదివించి పంపేది. ఆఖరిసారి నేను వెళ్లినప్పుడు గొంతు పూర్తిగా తగ్గిపోయింది. చదవమంటే, ఆమెకు అలసటగా ఉంటుందని కృప చాలన్న ఆ మాట ఉన్నచోటే అందుకున్నాను. కళ్లు తెరిచి, "ముందు నించి" అంది. నాతో ఆమె అన్న చివరి మాట అదే.

జ్ఞాపకార్థ కూటం మిర్యాలగూడలో, ఆమె ఇంటి ముందు టెంటు వేసి పెట్టాం. ఎవరో పిలిచిన మరో ప్రసంగీకుడు మాట్లాడుతూ, "టీచరమ్మ మంచి భక్తురాలే. విశ్వాసంలో ఇంకొక్క అడుగు వేసి ఉంటే ఈరోజు మన మధ్యనే ఉండేదేమో" అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఆమె చేతులు కట్టి పెట్టెలో పెట్టాక కూడా ఆ మాట వదలలేదు. మామయ్య పోయినప్పుడు అన్నారు, నా రోగమప్పుడు అన్నారు, ఇవాళ జవాబు చెప్పే మనిషి లేదని ధైర్యంగా అంటున్నారు. నేను లేచి నిలబడ్డాను. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

"అయ్యగారూ, ఆ మాట యాడున్నది?" అన్నాను.

ముందు వరసలో చేతికర్ర పట్టుకుని కూర్చున్న నాన్న మెల్లగా తలెత్తాడు. అప్పుడు నా గోలీలు బీరువా మీద పెట్టిన నాన్నే.

"తియ్యండి" అన్నాడు. "సదువుదాం."

ప్రసంగీకుడు మైకు కిందికి దించాడు. నేను పౌలు ముల్లు ఉన్న అధ్యాయం చెప్పాను. వెనక నుంచి పక్కింటి అక్క గొంతు వినిపించింది. "ముందు నించి సదువమ్మా." టెంటు నిండా బైబిలు సంచుల జిప్పులు, ఆ పలచటి కాగితాలు తిరిగే చప్పుడు. మూలన పెట్టిన పెద్ద ఫ్యాన్ గాలికి పేజీలు లేస్తున్నాయి. ఆమె దగ్గర చదువుకున్న ఆడవాళ్లంతా అవి ఎగిరిపోకుండా అరచేతులతో గట్టిగా అదిమిపెట్టుకుని, నేను మొదలుపెట్టడం కోసం ఎదురుచూస్తున్నారు.