నాస్కా వాలు మీది నీడ

సర్వే శాఖలో ముప్ఫై నాలుగేళ్లు విమానాల నుంచి తీసిన ఫొటోలు చదివి రిటైరయ్యాక, మూడేళ్ల కిందటి జూన్‌లో కలకత్తా సాల్ట్ లేక్‌లోని ఒక చిన్న మ్యాపింగ్ సంస్థలో సలహాదారుగా చేరాను. పని పెరూ దేశపు నాస్కా ఎడారిది. సుమారు రెండు వేల ఏళ్ల కిందటి మనుషులు అక్కడ నల్లరాళ్లు ఏరి పక్కన పేర్చి, కింది లేత రంగు నేలతో బొమ్మలు గీశారు. పెద్దవి లోకానికి తెలిసినవే. కొండవాలుల మీది చిన్నవి చెరిగిపోయి కంటికి ఆనవు. డ్రోన్ ఫొటోల్లో కంప్యూటర్ అనుమానించిన ప్రతి చోటునూ చూసి మేము ఏ, బి, సి అని తేల్చాలి. ఏ అంటే బొమ్మే, బి అంటే అనుమానం, సి అంటే బొమ్మ కాదు. ఇక అక్కడికి ఎవరూ వెళ్లి చూడరు.

బయట మా ఆఫీసున్న సెక్టార్ ఫైవ్ వానలో నానుతుంటే, లోపల ఆరుగురం చినుకు ఎరగని నేలను చూస్తూ కూర్చునేవాళ్లం. ఆ నిశ్శబ్దం మీద ఇప్పటికీ మనసు పోతుంది.

నా పక్క సీటు నూకరత్నానిది. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి గార్డెన్ రీచ్ డాక్ పనికి వచ్చి స్థిరపడ్డాడు. ఫొటో మీది ఆనవాళ్ల వెంట గీత గీసే ట్రేసింగ్‌లో ఆమె దిట్ట.

చేరిన నెలలోనే నా వంతుకు మొదటి వాలు ఫొటోలు వచ్చాయి. దాని మీదుగా లారీల దారి వేయబోతున్నారు, సాయంత్రానికి జాబితా పంపాలి. ఒక గుర్తు ఎప్పుడో నీరు పారిన గాడిలా ఉంటే సి రాశాను.

"సార్, ఇది గాడి కాదండి. రాళ్లు పేర్సిన గట్టునాగ అవుపడతంది," అంది నూకరత్నం తన తెర చూస్తూ.

నాకు గాడే కనిపిస్తోందన్నాను, కాస్త విసుగ్గానే. ఆమె లేచి నా వెనక నిలబడింది.

"మీరేటి సార్, ఫొటోని తలకిందులు సేసినారు?"

నీడ మన వైపు పడకపోతే కంటికి గట్టు గొయ్యిగా కనిపిస్తుంది. మన దేశపు ఫొటోల్లో నీడలు సాధారణంగా పైకి, ఉత్తరానికి పడతాయి కనుక తిప్పి చదువుతాం. పెరూ భూమధ్యరేఖకు అవతలిది. ఆ నెలల్లో అక్కడ నీడలు ముందే కిందికి, మన వైపు ఉంటాయి. నా చెయ్యి అలవాటు కొద్దీ తిప్పేసింది.

తిన్నగా పెట్టాను. గాడి పైకి లేచి గట్టయింది. చెవులు వేడెక్కాయి.

అందరూ దాదా అని పిలిచే మా బెంగాలీ అధికారి దగ్గరికి వెళ్లి, తప్పు నాదని చెప్పి రెండు గంటల గడువు అడిగాను.  ఆయన తను తింటున్న కారం మరమరాల ఝాల్‌మూరీ పొట్లం నా వైపు జరిపి, పెరూ వాళ్లకు ఫోన్ చేశాడు. పొద్దుటి నుంచి చూసిన గుర్తులన్నీ మళ్లీ తీశాను. నూకరత్నం కూడా ఇంటికి వెళ్లకుండా నాతో ఆగిపోయింది. ఆ గుర్తు ఏ అయింది, మరో రెండు బి అయ్యాయి.

దసరా పూజ సెలవుల తర్వాత, అక్కడికి వెళ్లి చూసిన క్షేత్ర బృందం నివేదిక వచ్చింది. బి రాసిన ఆ రెండూ ఉత్త నేలే. మొదటిది మాత్రం చేతులెత్తిన మనిషి బొమ్మ, పక్కనే కుండపెంకులు. దారిని వాలు అవతలికి మార్చారు. గుర్తించినవారి గడిలో నూకరత్నం పేరు రాయించాను.

అనుభవం దాన్ని సంపాదించిన నేలకే చెల్లుతుంది. కొత్త నేల మీద ముందు సూర్యుడు ఎటున్నాడో చూసుకోవాలి; కంటిని నమ్మడం ఆ తర్వాత.