అహ్లోన్ బురదలో గెలిచిన ఆట

మా చిన్నాన్న ఓడిపోయాడని రాశారు. అబద్ధం. ఆ ఆట గెలిచింది మావాళ్ళు. ఆడినంతసేపూ పడింది ఒక్కటే గోలు, అది కొట్టింది మా చిన్నాన్న, దానికి ఈల ఊదింది ఓడిన డెన్మార్కు జట్టువాళ్ళ ఓడ మనిషే, పక్కగీత మీద జెండా పట్టుకు నిలబడ్డది నేను. ఇంతమంది ఎదట జరిగినదాన్ని తిరగేసి, డెన్మార్కులో ఆ ఫుట్‌బాలు క్లబ్బు వాళ్ళు తమ చరిత్ర అని పెట్టుకున్న పేజీలో మా చిన్నాన్న ఒక తెల్లాయన చేతిలో కప్పు పెడుతున్న ఫోటో వేసి, దాని కింద "రంగూన్‌లో ఓడిన స్థానిక జట్టు నాయకుడు మా జట్టుకు కప్పు అందజేయుట" అని అచ్చు వేసుకున్నారు. చదివిన పూట నాకు అన్నం దిగలేదు.

ఇది నా కంటబడ్డది ఈ మధ్యనే. ఇక్కడ రంగూన్‌లో పబేడాన్ సందుల్లో టీ కొట్టు ముందు కూర్చుంటే చాలు, పక్క బల్ల మీద కుర్రకారు యూరోపు ఆటల గురించి కొట్టుకు చస్తుంటారు; ఏ క్లబ్బు ఎవర్ని కొన్నదీ, ఎవరి మోకాలు వాచిందీ వాళ్ళకు తెలియనిది లేదు. ఆ క్లబ్బు పేరు వాళ్ళ నోట వినబడేసరికి నా ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి మా మనవరాలికి చెప్పాను. ఆ పిల్ల చౌక్తడాలో ఒక ఆఫీసులో పని చేస్తుంది, మన భాష అర్థమవుతుంది గానీ నోరు తిప్పాలంటే సగం బర్మా మాటలే వస్తాయి. తన ఫోను తీసి ఆ పేజీ వెతికి, ఫోటో చూపించి, "తాతా, ఇదేటి, నీ మొకంలాగుంది!" అంది. నా ముఖం కాదది, మా చిన్నాన్నది. అరవై యేళ్ళు దాటాక ఆ ముఖం చూశాను. ఆ సంతోషంలో కింద ఏం రాశారో ఆ పిల్లా చూడలేదు, నేనూ అడగలేదు. ఫోటోను అలాగే విశాఖలో ఉన్న మా చిన్నాన్న కొడుక్కి పంపించేసింది.

ఆ రాత్రే ఫోను. నాకు తమ్ముడి వరస, వాడికీ డెబ్బై దగ్గరకొస్తున్నాయి. రాతను వాళ్ళింట్లో పిల్లలు చదివి చెప్పారట. "అన్నియ్యా, నిజం సెప్పు. మా నాన గెలిసేడా, నేదా?" అన్నాడు.

ఆ మాట ఎందుకడిగాడో నా ఈడువాళ్ళకు తప్ప మిగతావాళ్ళకు చెబితే గానీ తెలియదు. బర్మాలో సైన్యం గద్దెనెక్కాక, రంగూన్ నుంచి మనవాళ్ళు ఓడలెక్కి వెళ్ళిపోయిన ఆ యేళ్ళలో మా చిన్నాన్న కూడా వెళ్ళాడు. విశాఖలో బర్మా నుంచి వచ్చినవాళ్ళకు వేసిన పేటలో చిన్న ఇల్లు, చేతిలో రిక్షా. స్టాండులో సవారీ కోసం కూర్చున్నప్పుడు, నేను డెన్మార్కు వాళ్ళను ఓడించాను సుమా అని చెప్పేవాడట. నమ్మేవాడెవడు? ఆయనకు పేరే మారిపోయింది. "ఓరి డెన్మార్కూ, రిచ్చా తియ్యి, బేరం వొచ్చింది!" అని పిలిచేవారు. పెళ్ళాం మేనమామలూ అదే పేరుతో పిలిచేవారు, పిల్లల్ని బడిలో "డెన్మార్కోడి పిల్లలు" అనేవారు. చచ్చిపోయేదాకా ఆ వెక్కిరింత ఆయన్ని వదల్లేదు. ఆ మనిషి కొడుక్కి, తండ్రి చెప్పింది నిజమేనని ఒక్క కాయితం ముక్క లేకపోగా, అబద్ధమని ఫోటోతో సహా మేమే పంపించాం. ఒళ్ళు మండదూ?

అసలు జరిగింది చెబుతాను. అప్పటికి నాకు మీసాలు వస్తున్నాయి. రంగూన్‌లోనే అహ్లోన్ అనే చోట ఏటి ఒడ్డునున్న బియ్యం మిల్లులో బస్తాలు కుట్టే పనిలో కుదిరాను. బడికి పోయిందంటూ లేదు. బస్తాల మీద అచ్చు కొట్టిన ఊళ్ళ పేర్లూ, ఓడల ముక్కున రాసిన పేర్లూ కూడబలుక్కుని ఇంగ్లీషు అక్షరాలు పట్టుకున్నాను. పబేడాన్‌లో శనగలు కొంటే పొట్లం కట్టిచ్చిన పాత పేపరు విప్పి చదివేవాణ్ణి, అందులోనూ ఆటల పేజీ తగిలితే శనగల సంగతే మరిచిపోయేవాణ్ణి. మా పెదనాన్న ఆ రేవులో మేస్త్రి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు ఎంతమంది ఆయన కింద మోత మోసేవారో, అంతమందికీ ఆయన మాటే శాసనం. మా చిన్నాన్న ఆయన తమ్ముడే, రెండేసి బస్తాలు వీపు మీద వేసుకుని ఓడకు వేసిన చెక్క పలక మీద పరుగెత్తే మనిషి, సాయంత్రమైతే బంతి కాలికి అతుక్కుపోయేది.

బియ్యం ఎక్కించే పనిలో వాన శత్రువు. చినుకు పడితే ఓడ మీద తలుపులు మూసేసి టార్పాలిన్లు కప్పేస్తారు, మోత ఆగిపోతుంది, తడిసిన బస్తా ఓడలోకి వెళ్తే ముక్కిపోతుంది గనుక. ఆ యేడు వాన విడిచిపెట్టలేదు. రేవులో డెన్మార్కు ఓడ ఒకటి సగం నిండి నిలిచిపోయింది. అందులో వాళ్ళ ఊరి ఫుట్‌బాలు క్లబ్బు జట్టు ఉంది. తూర్పు దేశాలన్నీ తిరిగి ఆడుకుంటూ, రంగూన్‌లో పెద్ద మైదానంలో ఆడవలసింది ఆడి గెలిచేసి, ఇంటికి పోదామంటే మా వానకు చిక్కారు. వాళ్ళు అప్పటికి డబ్బుకు ఆడేవాళ్ళు కారు. ఒకాయన వడ్రంగి, ఒకాయన బేంకులో రాసుకునేవాడు, ఒకాయన రొట్టెలు కాల్చేవాడు. వాళ్ళ దేశంలో ఆటకు జీతం పుచ్చుకోవడం అప్పట్లో ఒప్పేవారు కాదట. ఓడ మీద కూర్చుని విసిగిపోయి రేవులోకి దిగి, మావాళ్ళు వానలో ఆడుతుంటే చూసి, మేమూ వస్తామన్నారు.

మా పెదనాన్నకు ఇది పెద్ద సంగతి. ఆట అంటే కప్పు ఉండాలన్నాడు. మనుషుల్ని పంపి వెండిపూత కప్పు ఒకటి కొని తెప్పించాడు. ఆట మిల్లు వెనక. మైదానం కాదది, గట్టిగా చెప్పాలంటే ఊక పోసిన బురద. వాళ్ళు మేకుల బూట్లతో దిగారు, దిగినవాడు దిగినట్టే కూరుకుపోయాడు. మావాళ్ళు వట్టి కాళ్ళు, లుంగీలు పైకి బిగించి. ఆ బురదలో వీపు మీద బస్తాతో నడిచే కాళ్ళకు బంతితో నడవడం ఒక లెక్కా? అయినా వాళ్ళను తక్కువ చెయ్యకూడదు, ఆ రొట్టెలాయన తలతో కొడితే మా గోలు కర్ర ఊగిపోయింది. ఈల ఊదింది వాళ్ళ ఓడలో రెండో అధికారి. చివర్లో మా చిన్నాన్న బంతిని బురదలోంచి పైకి లేపి, మోకాలి మీద తీసుకుని, గోలులో నిలబడ్డ వాళ్ళ పొడుగాయన కాళ్ళ మధ్యనుంచి కొట్టాడు. బంతి లోపలికి పోయి బురదలో దిగబడిపోయింది, చేత్తో పెకలించాల్సి వచ్చింది. ఆ అధికారి ఈల ఊది, గోలేనని చెయ్యి మైదానం మధ్యకు చూపించాడు. రేవంతా కేకలు. వాళ్ళు కూడా నవ్వుకుంటూ వచ్చి చేతులు కలిపారు.

ఇక్కడ జరిగిందండీ అసలు అన్యాయం. చేసినవాడు పరాయివాడు కాడు, మా పెదనాన్నే.

మా రేవులో సాగనంపు అని ఒకటుండేది. ఓడ నిండి లంగరెత్తే ముందు, మోత మోసిన ముఠా తరఫున మేస్త్రి ఓడవాళ్ళ చేతిలో కొబ్బరికాయా, తమలపాకుల కట్టా పెట్టేవాడు. మన గుమ్మం దిగి నీళ్ళ మీద పోయేవాణ్ణి ఉత్త చేతులతో పంపితే, ఓడకు ఏమైనా అయితే ఆ పాపం మనదే అని నమ్మకం. కొన్నాళ్ళకు వాన తెరిపిచ్చి ఓడ నిండింది. బయల్దేరే రోజున మా పెదనాన్న కొబ్బరికాయతో పాటు ఆ కప్పు కూడా తీశాడు. మా చిన్నాన్న అడ్డం తిరిగాడు. "నానియ్యను. నాను గెలిసింది ఆళ్ళకెందుకియ్యాల? కావాలంటే కొబ్బరికాయ ఇంకోటి అట్టుకెల్లు!" అన్నాడు. మా పెదనాన్న గొంతు పెంచలేదు. "ఒరే, కప్పు నీదేరా, ఎవుడు కాదన్నాడు? మనింటికొచ్చినోడు ఓడిపోయి, ఉత్త సేతుల్తో సముద్రం మీదకెల్తే నీకు నిద్దరడతాదా? గెలిసినోడు ఇస్తేనే అది సాగనంపు. నువ్వే ఇయ్యి," అన్నాడు. అలాగే మా చిన్నాన్న చేతులతోనే ఇప్పించాడు. అందుకుంటూ వాళ్ళ జట్టు నాయకుడు తెల్లబోయి ఇటూ అటూ చూడటం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. వాళ్ళలో ఒకడు కెమెరా తీశాడు. ఆ ఫోటోయే ఇది.

ఎవరికైనా చెప్పి ఇచ్చారా, ఎందుకిస్తున్నామో? ఇంగ్లీషు వచ్చినవాడు ఆ గుంపులో నేనొక్కణ్ణే, అదీ శనగల పొట్లాల ఇంగ్లీషు, నన్నెవరు అడిగారు? మా పెదనాన్న ఉద్దేశం, అది వాళ్ళకే తెలుస్తుందని. లోకమంతా మన రేవులాగే ఉంటుందని అనుకున్నాడు మహానుభావుడు.

ఇంకో సంగతి చెబితే నవ్వుతారు. ఆనాటి నుంచి ఆ క్లబ్బును నేను చుట్టాల్లా చూసుకున్నాను. రేడియోలో, పేపరు ముక్కల్లో వాళ్ళ పేరు ఎక్కడ కనబడినా వదల్లేదు. ఆటకు జీతాలివ్వడం వాళ్ళ దేశంలో ఒప్పుకున్నాక వీళ్ళు కష్టాల్లో పడ్డారు, కింది తరగతికి దిగిపోయారు, మళ్ళీ ఎక్కారు, మళ్ళీ దిగారు. దిగినప్పుడు నాకు దిగులు, ఎక్కితే టీ కొట్టులో నా ఖర్చున అందరికీ టీలు. ఆ తరవాత అదే ఊళ్ళో తరాలుగా వీళ్ళకు పడని ఇంకో క్లబ్బుతో కలిసిపోయి, కొత్త పేరు, కొత్త చొక్కాలు పెట్టుకుని, వాటాలు అమ్ముకునే కంపెనీ అయ్యారు. పాత క్లబ్బును తల్లి క్లబ్బు అంటారట, పిల్లలకు ఆట నేర్పడానికి అట్టేపెట్టారు. ఇప్పుడు ఆడేవాళ్ళలో ఆ ఊరివాడు ఒక్కడున్నాడో లేడో. సరే, కాలం అలా పోతోంది, ఎవర్ని అంటాం? కానీ కలిసినప్పుడు, ఈ వైపు చరిత్రా ఆ వైపు చరిత్రా గుదిగుచ్చి ఒకటే పేజీ చేసి, అందులో మా ఆట దగ్గరకొచ్చేసరికి, ఫోటోలో కప్పు ఎటు పోతోందో చూసి గెలుపు ఎవరిదో తేల్చేశారు. తూర్పు యాత్రలో ఓటమి ఎరగలేదట! అహ్లోన్ బురదలో మునిగింది మరి వాళ్ళ బూట్లు కావూ?

నేను ఉత్తరం రాశాను. నా చేత్తో ఇంగ్లీషులో రాసుకుని, మనవరాలి చేత ఫోనులో కొట్టించి పంపించాను. "యబాదే తాతా, పోనియ్యి, అంత పాతదాన్ని ఎవులు సూస్తారు" అని ఆ పిల్ల నచ్చజెప్పబోయింది; యబాదే అంటే ఇక్కడి భాషలో ఫరవాలేదులే అని. నాకు ఫరవాలేదు కాదు. జవాబు రాలేదు. మళ్ళీ రాస్తే, మీ అభిమానానికి ధన్యవాదాలు, ఈ సంవత్సరపు చొక్కా కొనుక్కోవడానికి ఇక్కడ నొక్కండి అని వచ్చింది. మనిషి రాసింది కాదు, యంత్రం పంపిందని మనవరాలు చెప్పింది. యంత్రంతో ఏం దెబ్బలాడతాను? అప్పుడు ఆ తల్లి క్లబ్బు చిరునామా వెతికించి, అన్నీ వివరంగా, వాన దగ్గర్నుంచి సాగనంపు దాకా విడమరచి రాశాను. ఈలూదింది మీ అధికారే, జెండా పట్టింది నేను, బతికున్నాను, అడగండి అని రాశాను. మా తమ్ముడికి ఫోను చేసి, వాళ్ళ రాత వస్తే నీకు పంపిస్తాను, ఇంటిముందు అద్దం కట్టించి పెట్టుకో అని చెప్పాను. వాడు రోజూ సాయంత్రం అడుగుతున్నాడు, "వొచ్చిందేటి అన్నియ్యా?" అని.

జవాబు కోసం చూస్తూ ఒకరోజు అహ్లోన్ వెళ్ళాను. మిల్లు లేదు. మేం ఆడిన చోట ఇనప పెట్టెలు ఒకదానిమీదొకటి పేర్చి ఉన్నాయి, వాటికి వానతో పని లేదు, తడిసేదేమీ లేదు, వాటిని ఎత్తడానికి వీపులూ అక్కర్లేదు. ఓడ వస్తుంది, నింపుకుంటుంది, పోతుంది. ఎవరింటి నుంచి పోతున్నానో ఓడకు తెలియదు, పంపేవాడికీ తెలియదు. మనవాళ్ళు నాలుగు దుకాణాల్లో, నాలుగు ఆఫీసుల్లో మిగిలారు. మేస్త్రి అంటే ఏమిటి అని మా మనవరాలే అడుగుతుంది. ఆనాడు పెదనాన్న మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు గానీ, అలాంటి పని చెయ్యగల మనిషి ఈ ఒడ్డున మళ్ళీ ఎవరూ కనబడలేదన్నది కూడా ఒప్పుకోవాలి.

తల్లి క్లబ్బు నుంచి జవాబు వచ్చింది. మా తమ్ముడికి ఇంకా చదివి వినిపించలేదు. మన మాటల్లోకి దించి, ఒక్క ముక్క వదలకుండా ఇక్కడ పెడుతున్నాను:

"అయ్యా, మీ ఉత్తరాన్ని మా పాత సభ్యులందరం కాఫీ తాగుతూ చదువుకున్నాం. చిన్నాన్నగారి మీద మీకున్న ప్రేమ మమ్మల్ని కదిలించింది. ఆ యాత్రకు వెళ్ళినవారెవరూ ఇప్పుడు లేరు, అడిగి తెలుసుకునే వీలు లేదు. కప్పు మాత్రం మా దగ్గర భద్రంగా ఉంది, ప్రతి యేడూ తోమించి పెడుతున్నాం. మీరు రాసిన విషయం సభ్యులందరి ముందూ పెట్టి, గెలిచినవాళ్ళు తమ కప్పును ఓడినవాళ్ళ చేతిలో పెట్టి పంపించడం ఎవరైనా, ఎక్కడైనా విన్నారా అని అడిగాం. ఎవరూ వినలేదన్నారు. అందువల్ల రాసినది రాసినట్టే ఉంచుతున్నాం."