చేపలు కడిగిన నీళ్లు

మా ఆఫీసులో నన్ను ఇప్పటికీ గులాబీల నిపుణుడనుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. ముఖ్యంగా వాళ్లు ఇది చదవాలి.

డెబ్బైల చివర్లో, విశాఖ పాత ఊళ్లో ఒక సందులో అద్దెకుంటూ, తోపుడు బండి మీద ఒక అంటు గులాబీ కొన్నాను. కుండీ గుమ్మం పక్కన పెట్టాను. పోర్టు నుంచి వచ్చి పడే ఎర్ర దుమ్మును రోజూ తడిగుడ్డతో ఆకు ఆకునా తుడిచేవాణ్ణి. నా మొహం కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ తుడుచుకోలేదు. ఆరు నెలలు గడిచాయి. ముళ్లు మాత్రం బాగా పెరిగాయి.

మా సందుకంతటికీ ఒకే చేపలావిడ. మా మెట్టు మీద గంప దించి, కత్తిపీట వేసుకుని, అన్ని ఇళ్ల చేపలూ అక్కడే కోసి కడిగేది. ఆ నీళ్లలో రెండు చెంబుల మంచినీళ్లు కలిపి కుండీలో పోసేది.

"దీనికి ఆకలేస్తంది బాబూ. ఊరికే మొకం తుడిత్తే సాల్దు" అనేది.

నేను ముక్కు మూసుకునేవాణ్ణి. నెలన్నరకి మొగ్గలొచ్చాయి, ఆ తర్వాత అరచేతంత పువ్వులు. అదంతా కొమ్మలు కత్తిరించడంలో నా నేర్పని ఆఫీసులో చెప్పాను. అందరూ నమ్మారు. అందరికంటే ముందు నేనే నమ్మాను.

పూలు చూడ్డానికి వచ్చే ఆదివారం ఇంటికొస్తానన్నాడు మా పెద్ద ఆఫీసరు. ఉన్న పువ్వులు ఆయన హోదాకి చాలవనిపించింది. కుండీలో చారెడు యూరియా గుమ్మరించాను. మర్నాడు ఇంకో చారెడు. శనివారానికి ఆకులు మాడిపోయాయి, మొగ్గలు వాడి వేలాడాయి.

"యూరియా ఎక్కువైపోనాదేమోనండీ" అంది మా ఆవిడ లోపల్నుంచి. నిపుణులకి అలాంటివి వినపడవు. మెట్టు మీద కూర్చున్న చేపలావిడ మీద సందంతా వినేలా అరిచాను.

"నీ కంపు నీల్లు పోసి నా మొక్కని సంపేసినావు కదే!"

"నానా బాబూ? ఇన్నాల్లూ అయ్యే నీల్లు కదా పోసినాను!"

ఎదురింటావిడ బయటకొచ్చి, "మా తులసి కూడా దీని సేతే పోనాది" అని అందుకుంది. ఆ తులసి దాకా ఈ నీళ్లు ఎప్పుడూ వెళ్లలేదు. అయినా ఆ మాట చాలింది. ఒకరి వెనక ఒకరు ఆవిడ దగ్గర కొనడం మానేశారు. పదిళ్ల బేరం పోగొట్టుకుని, వారం తిరక్కుండా ఆవిడ మా సందుకి రావడమే మానేసింది. నేనేమో ఆదివారం వచ్చిన ఆఫీసరుకి కాఫీ ఇచ్చి, చేపల నీళ్ల వల్ల గులాబీలకి కలిగే ప్రమాదం గురించి అరగంట ఉపన్యాసమిచ్చాను.

తొమ్మిదేళ్లకి, మేం విశాఖలోనే సీతమ్మధారకి మారిపోయాక, చేపల బజారులో ఆవిడ కనిపించింది. నెరిసిన జుట్టుతో, కాళ్లు చాపుకుని, ఎండుచేపలు అమ్ముతోంది. పక్కన కూర్చుని, తప్పు నాదేనని చెప్పాను.

"నాకప్పుడే తెల్సు బాబూ. మట్టి మీద తెల్లగా యూరియా గింజలు అవుపించినాయి. నలుగుర్లో నీ పరువెందుకు తియ్యాలని నోరు మూసుకున్నాను." చేపల మీద ఈగల్ని తోలింది. "ఇక్కడ సెప్తే ఏటి లాభం? ఎక్కడ అరిసినావో అక్కడ సెప్పు."

ఆ ఆదివారమే పాత సందుకి వెళ్లి గుమ్మం గుమ్మానికీ చెప్పాను. కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ఎరువులమ్మేవాణ్ణనుకున్నారు. ఎదురింటావిడ మాత్రం అంతా విని బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఓలమ్మో! అయితే ఇన్నేల్లూ మేం బజారు దాకా ఊరికే నడిసినామేటి? రేపట్నుంచి రమ్మని సెప్పండి."

మోకాళ్లు పట్టేసి ఆవిడిప్పుడు గంప మొయ్యలేదని నేనే చెప్పాల్సి వచ్చింది.