చెవిలో ఊదిన పొగ

ముందు ఖాయంగా తెలిసినవి. మా చెల్లెలికి ఎడమ చెవి వినపడదు. కుడి చెవి మిషను పెట్టుకుంటే కొంత వినపడుతుంది. ఆమె పసితనంలో మా నాయన ఇంట్లోనే బీడీలు తాగేవాడు. పొగ కమ్మిన ఇళ్లలో పెరిగే పిల్లలకు మధ్యచెవి జబ్బులు ఎక్కువని పరిశోధనలు తేల్చాయి. ఇక విన్నమాట: చెవి నొప్పికి బీడీ పొగ ఊదితే నొప్పి లాగేస్తుందని. ఇది నాయన తల్లి, మా జేజి చెప్పినది. ఆళ్లగడ్డలో మా వీధి వీధంతా నమ్మినది. నేనూ నమ్మినదే.

నాయన రాతి విగ్రహాలు చెక్కేవాడు. వానాకాలంలో చిన్న విగ్రహాలను వసారాలోకి తెచ్చుకుని, జల్లు పడకుండా గోనెపట్టాలు దించి పని చేసేవాడు. రాతి దుమ్మూ బీడీ పొగా అక్కడే తిరిగేవి. చెక్కుతున్నంతసేపూ ఆయన మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఒక్క మాటకే ఉలి కింద పెట్టేవాడు.

"నాయనా, చెవి నొస్తాంది."

చెల్లెలికి అప్పుడు నాలుగేళ్లు. ఆమె తలను ఒళ్లో పెట్టుకుని, బీడీ దమ్ము లాగి, పిడికిలిని గొట్టంలా చుట్టి చెవిలోకి మెల్లగా ఊదేవాడు.

"కదలాకు పాపా."

"అక్కా, ఆ చెవిలోంచి పొగొస్తాందేమో సూడు!"

నేను రెండోవైపు వంగి శ్రద్ధగా చూసేదాన్ని. నా తొలి పరిశీలన అదే. "రాలే," అన్నాను.

"అయితే లోపల్నే ఉండి నొప్పిని తింటాందిలే," అంది జేజి. అందరం నవ్వాం.

రెండేళ్లు చీము కారింది. బడిలో పిలిస్తే పలకడం లేదని పంతులమ్మ చెప్పాక నంద్యాల తీసుకుపోయాం. చెవుల డాక్టరు లోపలికి దీపం వేసి చూసి, ఇంట్లో పొగ ఎవరు తాగుతారని అడిగాడు.

"నేనే సారూ," అన్నాడు నాయన, మెప్పు ఆశించినవాడిలా. "నొప్పి అన్నప్పుడల్లా ఊదుతాండా. ఒక్కపారి గూడా ఆలిస్యం చేయలే."

డాక్టరు రాయడం ఆపాడు. కర్ణభేరులు రెండింటికీ చిల్లులు పడ్డాయన్నాడు. చెవిలో ఊదినదానికంటే, పాప రోజంతా ముక్కుతో పీల్చిన పొగే ఎక్కువ చేటన్నాడు. నాయన బీడీల కట్టను నంద్యాల బస్టాండులోనే పారేశాడు. మళ్లీ ముట్టించలేదు. ఇదీ ఖాయమే; నేను చూశాను.

ఇప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి, ఉలి పట్టలేడు. అదే వసారాలో చెల్లెలు వేరేవాళ్లు చెక్కిన విగ్రహాలకు నునుపు పెడుతుంది. మొన్న నేను వెళ్లినప్పుడు ఆమెవైపే చూస్తూ నన్ను అడిగాడు.

"నువ్వు సదివినదానివి. అబద్దం చెప్పాకు. నా బీడీయేనా?"

ఎవరు ఏ మాట చెప్పినా ఆధారం అడగడమే నా వృత్తి. అందుకే ఉన్నదున్నట్టు చెప్పాను. పొగ ముప్పును పెంచుతుంది. కానీ జలుబులున్నాయి, దుమ్ముంది, వైద్యం ఆలస్యమైంది. అదే పొగలో పెరిగిన నా చెవులు బాగున్నాయి. ఒక్క బిడ్డ విషయంలో కారణాన్ని విడదీసి చూపడం కుదరదు. ప్రతి వాక్యమూ నిజమే.

నాయన చివరిదాకా విన్నాడు. "ఇంత చెప్తివి గానీ, కాదని మాత్రం అనకపోతివే," అన్నాడు.

చెల్లెలు తలెత్తి మా ముఖాలు చూసింది. "ఏందంట?"

"ఏం లేదులే," అన్నాడాయన, ఆమెకు పెదవులు కనబడేలా తిరిగి.

నాకు మిగిలిన ప్రశ్న ఒకటుంది. చెవి నొస్తాందని ఆమె పరుగెత్తిన ప్రతిసారీ చెవి నిజంగా నొచ్చిందా? కొన్నిసార్లు ఆయన బీడీ ముట్టించేదాకా గడప దగ్గర కాచుకుని ఉండేది. ఆయన ఒడి దొరికేది ఆ కాసేపే. జవాబు తెలిసిన మనిషి రెండడుగుల దూరంలో ఉంది, నా పెదవుల కదలికను చక్కగా చదువుతుంది. అయినా అడగలేదు. "లేదక్కా, ఊరికే" అని ఆమె అంటే వినడానికి, పక్కనే కూర్చున్న నాయన చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.