రాక్షసి గురక

నాలుగేళ్ల కిందట జూన్‌లో శంషాబాద్‌లోని ఒక ప్రైవేటు బడిలో నర్సరీ క్లాస్ టీచరుగా చేరాను. నా పైన కోఆర్డినేటర్, ఆమె పైన ప్రిన్సిపల్. ఒక్కో కథకు మూడు రోజులిచ్చేవాళ్లం. మొదటి రోజు చెప్పడం, రెండో రోజు పాత్రలు పంచడం, మూడో రోజు ఆడించడం.

మా గది మీదుగానే విమానాలు దిగేవి. కిటికీలు అదిరి కథ ఆగిపోయేది. విసిగిపోయి ఆ చప్పుడునే కథలోకి తెచ్చుకున్నాను. అది గుహలో పడుకున్న రాక్షసి గురక. గురక వినపడినంతసేపు పిల్లలు ఆమె సీతాఫలాలు ఎత్తుకుపోవచ్చు. ఆగిందంటే రాక్షసి లేచినట్టే, అందరూ బల్లల కింద దాక్కోవాలి.

మా క్లాసులో వైష్ణవి అనే పిల్ల ఆడేది కానీ ఒక్క మాటా మాట్లాడేది కాదు. కొత్తూరు నుంచి ఆటోలో తీసుకొచ్చే నాయనమ్మ రోజూ అడిగేది: "ఇయ్యాల ఏమన్న పలికిందా బిడ్డా?" ఏడాది చివర ఇచ్చే పరిశీలన పత్రంలో 'మాట్లాడుతుందా' అని ఒక గడి ఉంటుంది. అందులో 'అవును' పడకపోతే పిల్ల నర్సరీ మళ్లీ చదవాల్సిందే.

ఫిబ్రవరిలో పెద్దవాళ్లను పిలిచి వాళ్ల ముందు కథ ఆడించాం. కోఆర్డినేటర్ పత్రాలు పట్టుకుని గది మధ్యలో నిలబడింది. విమానం వచ్చింది, పోయింది. పిల్లలంతా బల్లల కిందికి దూరారు. ఒక బల్ల కింద నుంచి వైష్ణవి చేయి బయటికి వచ్చి కోఆర్డినేటర్ మేడం చీర కుచ్చిళ్లు పట్టి లాగింది.

"మేడం, జల్ది లోపటికి రా! రాక్షసి లేసింది! నిన్ను తింటది!"

వెనక కూర్చున్న నాయనమ్మ లేచి నిలబడింది. కోఆర్డినేటర్ కుచ్చిళ్లు విడిపించుకుని ఆ గడిలో 'లేదు' అని రాసింది. మాట్లాడింది కదా అన్నాను. ఇది ఇంగ్లిష్ మీడియం, తెలుగులో అరిస్తే లెక్కలోకి రాదని చెప్పి, సంతకానికి పత్రం నా చేతిలో పెట్టింది. సంతకం పెట్టాను.

ఏప్రిల్‌లో నాయనమ్మ ఆ పత్రం పట్టుకుని వచ్చింది.

"గంత గట్టిగ మాట్లాడె గదా. నువ్వు ఇన్లేదా?"

"విన్న అవ్వా."

"ఇని గిట్ల రాసిన్రా? మీ మేడంను రాక్షసి తినకుంట ఆపింది సూడు, గదే మా పిల్ల జేసిన తప్పు."

పిల్లను తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ తీసుకురాలేదు.

ఆ నెలలోనే నేనూ మానేశాను. కోపం మాత్రం మానలేదు. వచ్చే జూన్‌లో మా పాపను బడిలో వేయాలి. మొన్న ఒక చోట అడిగితే, ఇంగ్లిష్‌లో ఎన్ని రైమ్స్ వచ్చన్నారు. మా పాప రోజంతా కథలు చెబుతుంది, అన్నీ తెలుగులోనే. ఆ గడిలో ఏం రాస్తారోనని ఇప్పటి నుంచే నాకు భయం.

ఎదుటి మనిషిని కాపాడాలనిపించేంతగా కథను నమ్మినప్పుడు ఆ పిల్లకు మాట వచ్చింది. ఆ మాట విన్న టీచర్ పత్రాన్ని సంతకం లేకుండా వెనక్కి ఇవ్వాలి. 'లేదు' అని రాసింది మేడం. దాని కింద ఉన్న పేరు నాది.